పులియబెట్టని కోకో గింజకు రుచి తెప్పించొచ్చా?

మన ప్రొద్దుటూరు, జమ్మలమడుగు ఎండలకు కోకో నిలవదు. దానికి నీడా, గాలిలో తేమా రెండూ కావాల. పులివెందుల అరటి తోటల్లో వేస్తామని అడిగేవాళ్లకూ తొందరపడొద్దనే చెప్తున్నా. నేను చాక్లెట్ చేసేది ఏలూరు వైపు కొబ్బరి, పామాయిల్ తోటల్లో అంతరపంటగా పండిన గింజలతోనే. పులియబెట్టకుండా ఎండేసిన గింజలు ధర తక్కువకు వస్తాయి. ‘వేయించేటప్పుడు మంట పెంచితే సరిపోదా’ అని చాలామంది అడుగుతారు. సరిపోదు.

వీడియోలో చూపించినట్టు గింజను నిలువుగా కోయండి. బాగా పులిసింది గోధుమ రంగులో, లోపల పగుళ్లతో ఉంటాది. పులవనిది పలక రంగులో గట్టిగా ఉంటాది, నమిలితే కరక్కాయ మాదిరి వగరు. పచ్చి గింజల్ని గుజ్జుతో పాటు పెట్టెల్లో పోసి, అరటాకులు కప్పి 5–7 రోజులు ఉంచితే వేడి 45–50 డిగ్రీలకు పోతాది. మొలక చచ్చిపోయి, లోపలి ఎంజైములు ప్రోటీన్‌ను అమైనో ఆమ్లాలుగా విరగ్గొడతాయి. వేయించినప్పుడు చక్కెరతో కలిసి చాక్లెట్ వాసన ఇచ్చేది ఇవే. ఇవి లేకుండా మంట పెంచడమంటే, పులవని పిండితో ఇడ్లీ పెట్టి పొయ్యి ఎగదోసినట్టే.

ఎండిన గింజకు గుజ్జు ఉండదు కాబట్టి మళ్లీ మామూలుగా పులియబెట్టలేం. కానీ తక్కువ వేడిలో ఎండిన గింజలో ఎంజైములు ఇంకా పనిచేస్తాయి. స్విట్జర్లాండ్ పరిశోధకులు దీన్నే వాడుకున్నారు. పులియబెట్టని గింజల్ని ఎండబెట్టి, పలుకులు చేసి, లాక్టిక్ ఆమ్లం, ఆల్కహాల్ కలిపిన నీళ్లతో తడిపి, 45 డిగ్రీల్లో 72 గంటలు ముగ్గబెట్టి, మళ్లీ ఆరబెట్టారు. ఆ చాక్లెట్‌లో పులుపు తక్కువగా, పండ్ల వాసన ఎక్కువగా వచ్చింది.

నేను కిలో చొప్పునే చేసి చూస్తున్నా. వేడి నిలకడగా ఉండాల, తడి పలుకులకు బూజు రాకూడదు. బూజు కనిపిస్తే మొత్తం పారేయాల్సిందే. జీవామృతం పోద్దామా అని అడగొద్దండీ, ఇది తినేది!

ఎక్కువ వేడి డ్రైయర్‌లో ఎండిన గింజకు ఈ పద్ధతి పనికిరాదు. అట్లాంటివి వెన్న తీయడానికి పెట్టుకోండి, వెన్నకు పులియబెట్టడంతో పెద్దగా పని లేదు. మిగిలిన పొడికి క్షారం కలిపితే వగరు కొంత తగ్గుతాది. వాన్ హౌటెన్ కుటుంబం 19వ శతాబ్దంలోనే నెదర్లాండ్స్‌లో చేసిన పని ఇది. రంగు మాత్రం ముదురుతాది, పండ్ల వాసన పోతాది.

అందుకే గింజలు కొనేముందు ధర కంటే ముందు ఎట్లా ఎండబెట్టారో అడగండి. ఓ యాభై గింజలు మీ ముందే కోయించి, ఆ తర్వాతే అడ్వాన్స్ ఇవ్వండి.