ఉప్పుగాలి ఇంటికి షట్టర్ మోటారు

చరోదా శాఖకు బదిలీ అయి వచ్చాక నాకు షట్టర్ల గురించి కాస్త తెలిసిందనుకున్నాను. ఒకవైపు భిలాయి ఉక్కు కర్మాగారం, మరోవైపు రైల్వే మార్షలింగ్ యార్డు. ఎండాకాలం సాయంత్రానికి కౌంటర్ మీద వేలితో పేరు రాయొచ్చు, అంత దుమ్ము. మా శాఖ షట్టర్ మొరాయించిన ప్రతిసారీ కారణం అదే. గైడు చానెళ్లలో దుమ్ము, దాని మీద ఎవరో ఉదారంగా పూసిన గ్రీజు, రెండూ కలిసి గట్టిపడ్డ ముద్ద. చానెల్ తుడిస్తే షట్టర్ మళ్లీ మామూలే.

విశాఖ సాగర్‌నగర్‌లో అమ్మానాన్నలుండే ఇంటికి కారు షెడ్డు కట్టించినప్పుడు ఈ తెలివితేటలే వాడాను. నాన్నగారికి డెబ్భై ఆరేళ్లు. వంగి షట్టర్ ఎత్తలేరని మోటారు పెట్టిద్దామనుకున్నాం. శాఖకు వచ్చే ఒక ఖాతాదారు, ఎప్పుడో శ్రీకాకుళం నుంచి వచ్చి భిలాయిలో స్థిరపడిన పెద్దాయన, ఫ్యాబ్రికేషన్ పనిలో తల పండినవారు. “సార్, బరువు లాగే మోటారు చూసి పెట్టించండి. పదేళ్లు దాని మొహం చూడక్కర్లేదు” అన్నారు. చరోదా వరకు ఆ మాట అక్షరాలా నిజం. నేను విశాఖలో రెండు కొటేషన్లు తీసుకున్నాను. రెండిట్లోనూ మోటారు 500 కిలోలదే. ఒకటి 14,000 రూపాయలు తక్కువ. తక్కువదే ఒప్పుకున్నాను.

పద్నాలుగు నెలలకు, ఆగస్టులో ఒక రాత్రి ఒంటిగంటన్నరకు తమ్ముడి ఫోన్. “అన్నయ్యా, నాన్నకి ఊపిరాడటం లేదు. షట్టర్ జానెడు లేచి ఆగిపోయింది. కారు లోపలే ఉంది.” చేతి గొలుసు లాగమన్నాను. “అదీ కదలట్లేదు” అన్నాడు. చివరికి ఎదురింటివాళ్లను నిద్రలేపి వాళ్ల కారులో ఆసుపత్రికి తీసుకెళ్లారు. నలభై నిమిషాలు పోయాయి. నాన్నగారు నాలుగో రోజు ఇంటికొచ్చారు. దుర్గ్ నుంచి వందే భారత్ ఎక్కి నేను వెళ్లేసరికి మంచం మీద కూర్చుని ఉన్నారు. నన్ను చూసి అన్న మొదటి మాట, “ఆ మోటారు పీకించేయరా, నేనే ఎత్తుకుంటాను.”

మెకానిక్ విప్పి చూస్తే మోటారు భేషుగ్గా ఉంది. పాడైంది దాని చుట్టూ ఉన్నవే. కింది నాలుగైదు పట్టీల అంచులు తుప్పుపట్టి ఉబ్బి గైడులో బిగుసుకుపోయాయి. తుప్పు తాను తిన్న ఇనుము కంటే ఎన్నో రెట్లు ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది మరి. మోటారు లాగీ లాగీ వేడెక్కింది. లోపలున్న థర్మల్ రక్షణ దాన్ని ఆపేసింది. అది చల్లారేదాకా, అంటే పావుగంటో అరగంటో, బటన్ నొక్కినా ఉలకదు. చేతి గొలుసు మామూలు ఇనుముది. లింకులన్నీ ఒకదానికొకటి అతుక్కుపోయాయి. లిమిట్ స్విచ్ టెర్మినళ్ల మీద పచ్చటి చిలుము.

ఆ తర్వాతే ఈ విషయం గురించి కాస్త చదివాను, నలుగురిని అడిగాను. మన బ్యాంకులో విశాఖ, కాకినాడ, మచిలీపట్నం, నెల్లూరు వైపు ఇళ్లు కట్టుకుంటున్నవాళ్లు చాలామందే ఉన్నారు కనుక తెలిసింది రాస్తున్నాను.

వంటింట్లో ఉప్పు డబ్బా మూత తీసి ఉంచితే వానాకాలంలో నీరుకారుతుంది. గాలిలో తేమ సుమారు 75 శాతం దాటితే ఉప్పు ఆ తేమను పీల్చి తనే కరిగిపోతుంది. సముద్రపు గాలి మోసుకొచ్చే ఉప్పు షట్టర్ మీద వాలి చేసే పనీ ఇదే. వాన పడకపోయినా రాత్రంతా ఇనుము మీద పల్చటి ఉప్పునీటి పొర ఉంటుంది. మనం ఊహించనిది ఇంకొకటుంది. వాన తగిలే వెలుపలి వైపు కంటే వాన తగలని లోపలి వైపే ముందు తుప్పు పడుతుంది. వెలుపలి ఉప్పును వాన కడిగేస్తుంది, లోపలిది పేరుకుంటూనే ఉంటుంది. మోటారు, గొలుసు, స్విచ్ పెట్టె ఉండేది లోపలే.

లోహాన్ని గాలి ఎంత తింటుందో చెప్పడానికి ఐఎస్ఓ 9223 అనే అంతర్జాతీయ ప్రమాణం ఉంది. సి1 నుంచి సి5 దాకా, ఆపైన సిఎక్స్ అని తరగతులు. సి3 వాతావరణంలో జింకు పూత మొదటి ఏడాది 0.7 నుంచి 2.1 మైక్రాన్లు అరుగుతుంది. సముద్రానికి బాగా దగ్గరగా వచ్చే సి5లో 4.2 నుంచి 8.4 మైక్రాన్లు. ఇప్పుడు రేకు సంగతి చూడండి. జింకు పూత రేకులను చదరపు మీటరుకు రెండు వైపులా కలిపి ఎన్ని గ్రాముల జింకు ఉందో దాన్నిబట్టి పిలుస్తారు. 120 గ్రాముల రేకుకు ఒక్కోవైపు ఉండేది ఎనిమిదిన్నర మైక్రాన్లు. 275 గ్రాముల రేకుకు దాదాపు 20. మా షట్టర్‌ది 120 రేకు. లోతట్టు ఊళ్లో ఏళ్ల తరబడి నిలిచే పూత, సాగర్‌నగర్‌లో ఏడాది తిరిగేసరికి అయిపోయింది. ముతక లెక్కే గానీ, మా పద్నాలుగు నెలలకు అతికినట్టు సరిపోయింది.

గృహరుణాల ఎస్టిమేట్లు వందల్లో చూసి ఉంటాను. వాటిల్లో ఈ పద్దు ఎప్పుడూ ఒకేలా ఉంటుంది, “రోలింగ్ షట్టర్ - 1”. రేకు మందం ఉండదు, పూత ఉండదు. పాలరాయికి మాత్రం పేరు, ఊరు, రంగు అన్నీ రాస్తారు!

కాబట్టి మోటారు కంటే ముందు తలుపు చూసుకోవాలి. 275 గ్రాముల జింకు పూత రేకు మీద పౌడర్ కోటింగ్ చేయించడం ఒక దారి. కోసిన అంచుల దగ్గర, వెల్డింగ్ చేసినచోట పూత పోతుంది. అక్కడ మేస్త్రీ వెండిరంగు పెయింటు కొట్టేసి “అయిపోయింది సార్” అంటాడు. అది రంగే, రక్షణ కాదు. జింకు ఎక్కువగా ఉండే ప్రైమర్ వేయమని పట్టుబట్టాలి. రెండో దారి అల్యూమినియం పట్టీలు. ఎర్ర తుప్పు సమస్య ఉండదు, బరువు బాగా తక్కువ, చిన్న మోటారు చాలు. అయితే ఇనుపంత గట్టివి కావు. పెనుగాలికి పట్టీలు గైడులోంచి ఊడి రాకుండా చివర్లలో కొక్కేలుండాలి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ చూసినవాళ్లకు ఈ ముక్క విడమరచి చెప్పనక్కర్లేదు. మరలు, బోల్టులు స్టెయిన్‌లెస్ అంటే సరిపోదు, 316 రకం అడగాలి. మామూలు 304లో లేని మాలిబ్డినం అందులో 2 నుంచి 3 శాతం ఉంటుంది. ఉప్పుకు తట్టుకునేది దానివల్లే.

ఇక మోటారు. మన షట్టర్ మేస్త్రీలు ఎక్కువగా పెట్టేది పక్కన బిగించే సైడ్ మోటారు. బరువు బాగా లాగుతుంది, మరమ్మతు సులువు, చేతి గొలుసుతో వస్తుంది. కానీ పళ్లచక్రం, గొలుసు అన్నీ గాలికి బయటే. రెండోది షట్టర్ చుట్టుకునే గొట్టంలోనే ఇమిడిపోయే ట్యూబులర్ మోటారు. ఉప్పుకు కాస్త చాటుగా ఉంటుంది, చప్పుడు తక్కువ. పాడైతే గొట్టం దింపాల్సిందే. తేలికపాటి అల్యూమినియం షట్టర్‌కైతే నా ఓటు దీనికే. విల్లాల్లో కనిపించే, మడతలుగా లేచి పైకప్పు కిందికి పోయే తలుపుకైతే పైన పట్టా మీద నడిచే ఓపెనర్ వస్తుంది. అందులో గొలుసుది వద్దు, బెల్టుది తీసుకోవాలి. దాని బరువును నిజంగా మోసేది స్ప్రింగు, మోటారు కాదు. మోటారు విడదీసి తలుపును చేత్తో సగం ఎత్తి వదిలితే అక్కడే నిలవాలి. జారితే స్ప్రింగు సరిచేయించాలి. ఆ స్ప్రింగు జోలికి మాత్రం మనం పోకూడదు, ప్రాణాలు తీసేంత బిగువు దానిది.

బ్రోచర్లలో ఐపీ 44, ఐపీ 54, ఐపీ 65 అని ఉంటుంది. మొదటి అంకె దుమ్ముకు, రెండోది నీటికి. చరోదాలో నేను మొదటి అంకె చూస్తాను, విశాఖలో రెండోది. కానీ ఈ పరీక్షలో ఉప్పు లేదని గుర్తుంచుకోవాలి. బోర్డు మీద తేమ పట్టని పూత ఉందా అని విడిగా అడగాల్సిందే. కంట్రోల్ పెట్టెలోకి తీగలు కింది నుంచే రావాలి, రంధ్రాలకు రబ్బరు బిరడాలుండాలి. ఇది నీటికోసమే కాదు. వెచ్చగా ఉంటుందని చీమలు, బల్లులు అందులోనే కాపురం పెడతాయి. బల్లి పడి కాలిపోయిన బోర్డుకు వారంటీ ఇమ్మంటే ఎవరిస్తారు?

రిమోట్ ప్రతిసారీ కోడు మార్చే రకంది అయి ఉండాలి. మారని కోడును పక్కనెవరైనా పట్టి దాచుకోవచ్చు. అడ్డమొస్తే ఆగి వెనక్కి మళ్లే సెన్సార్ లేకుండా అసలు తీసుకోవద్దు. అమెరికాలో 1993 నుంచి ఇళ్ల గ్యారేజీ ఓపెనర్లకు ఇలాంటి రక్షణ చట్టప్రకారం తప్పనిసరి. పిల్లలు మూసుకునే షట్టర్ కింద దూరి పరుగెత్తడం మన ఇళ్లలోనూ ఆటే కదా.

నేను అడగకుండా వదిలేసిన ప్రశ్న ఒకటే. ఇది ఆగిపోయిన రోజు తలుపు ఎలా తెరుచుకుంటుంది? తుఫానుకు కరెంటు రోజుల తరబడి పోవచ్చు. ఇంటి ఇన్వర్టర్ ఉందిగా అనుకుంటాం. మోటారు మొదలయ్యే క్షణంలో, నడిచేటప్పటికంటే ఎన్నో రెట్లు కరెంటు లాగుతుంది. చిన్న ఇన్వర్టర్ అక్కడే కూలబడుతుంది. సొంత బ్యాటరీతో వచ్చే 24 వోల్టుల మోటార్లు కొంత నయం, షెడ్డు వేడికి ఆ బ్యాటరీల ఆయుష్షు తగ్గుతుందన్నది వేరే సంగతి. అన్నిటికంటే నమ్మదగ్గది చేత్తో తెరిచే ఏర్పాటు. అది బిగించిన రోజే ఇంట్లోవాళ్లందరి చేతా తెరిపించి చూడాలి. షెడ్డుకు వేరే తలుపు లేకపోతే ఆ ఏర్పాటు బయటినుంచి తాళంచెవితో అందేలా ఉండాలి. లోపలున్న గొలుసు బయట నిలబడ్డవాడికి ఎందుకు పనికొస్తుంది?

మా ఇంటికి ఈసారి అల్యూమినియం షట్టర్, చేత్తో తిప్పే కడ్డీ ఉన్న ట్యూబులర్ మోటారు పెట్టించాం. షెడ్డు పక్కగోడకు చిన్న తలుపు కొట్టించాం. మొదటిసారి మిగిల్చుకున్న 14,000కు ఎన్నో రెట్లు వదిలింది. పదిహేను రోజులకోసారి షట్టర్‌ను రెండువైపులా మంచినీళ్లతో కడిగి, పొడిగుడ్డతో తుడిచి, గైడుల్లో సిలికాన్ స్ప్రే కొడుతున్నారు. మోటారు మీదికి, పెట్టె మీదికి గొట్టంతో నీళ్లు కొట్టకూడదు, తడిగుడ్డ చాలు. తుప్పు వదిలించే స్ప్రేలు కందెన కాదు, అవి ఆరిపోతాయి.

మోటారు పీకించమన్న నాన్నగారు ఇప్పుడు ప్రతి ఆదివారం పొద్దున్న మెయిన్ స్విచ్ ఆపేసి, కుర్చీ వేసుకుని కూర్చుని తమ్ముడి చేత కడ్డీ తిప్పిస్తున్నారట. మొన్న ఫోన్లో చెప్పారు, షట్టర్ పూర్తిగా లేవడానికి రెండు నిమిషాల పది సెకన్లు పట్టిందని. ముందు వారం రెండు నిమిషాలేనట, గైడు చూడమని తమ్ముడికి పురమాయించారు.