పాటలలో గెరిల్లా పోరు

చిన్న సైన్యమునకు పెద్ద సైన్యము నెదురుగా నిలిచి పోరాడుట తగదు. చాటునుండి మీదబడి దెబ్బతీసి, శత్రువు తేరుకొనులోపల తప్పించుకొనవలెను. దీనినే గెరిల్లా యుద్ధమందురు. ఇట్టి పోరును పాటలతో రంగస్థలముపై జూపుట సాధ్యమా యని సోదరీమణులు సందేహింపవచ్చును. లిన్-మాన్యుయెల్ మిరాండా రచించిన 'హామిల్టన్' నాటకమును చూచువరకు మాకును ఆ సందేహమే యుండెను. అమెరికా స్వాతంత్ర్య యుద్ధమున సేనాని వాషింగ్టనుకు కుడిభుజమైన అలెగ్జాండర్ హామిల్టన్ చరిత్ర యిది. 2015లో న్యూయార్కు బ్రాడ్వేలో ప్రదర్శింపబడిన యీ నాటకము 2020లో తెరపైకి వచ్చినందున మేము చూడగలిగితిమి. ఇందు ఉత్త మాటలు మిక్కిలి తక్కువ. మన బుర్రకథకుడు తాళము తప్పక గబగబ కథ నడిపినట్లే వీరును నడుపుదురు.

బ్రతికియుండుటయే పల్లవిగా గల పాట యొకటి యిందు గలదు. 1776లో న్యూయార్కును గోల్పోయిన వాషింగ్టన్, గెలుపుకంటె ముందు సైన్యము ప్రాణములతో నిలువవలెనని అందు నిశ్చయించును. తిండిలేక గుఱ్ఱములనే తినుచున్నామని యొక మొఱ. వర్తకులు ఆంగ్లేయుల ధనము దప్ప పుచ్చుకొనరని మఱియొక మొఱ. ఈ పాటలో కత్తుల చప్పుడుకంటె ఖాళీ కుండల చప్పుడే మా కెక్కువ వినబడినది.

నాటకకర్త కొంత స్వేచ్ఛ వహింపకపోలేదు. వాషింగ్టను మనస్సు క్రమశిక్షణగల సైన్యముపైననే యుండెను. నిజమైన గెరిల్లా పోరు దక్షిణ కరోలినా చిత్తడి యడవులలో ఫ్రాన్సిస్ మారియన్ నడిపెను. అత డిందు గానరాడు. 1781లో యార్క్‌టౌన్ విజయము ముట్టడివలనను, ఫ్రెంచి నౌకలవలనను గలిగినదని మాత్రము నాటకము దాచలేదు. దర్జీ హెర్క్యులీస్ మల్లిగన్ శత్రువులకు దుస్తులు కుట్టుచునే వారి రహస్యములు సేకరించుట ముచ్చటగా నున్నది. అది కల్పన గాదు.

మా యసంతృప్తి వేఱొకచోట. హామిల్టన్ భార్య ఎలైజాయు, ఆమె యక్క ఆంజెలికాయు ఆ పాటలో దూరమునుండి గొంతు కలిపి యూరకుందురు. చరిత్రలో స్త్రీ లూరకుండలేదు. 1777-78 చలికాలమున వ్యాలీ ఫోర్జి శిబిరములో సుమారు 2,000 మంది సైనికులు కత్తిదెబ్బలకు గాక రోగములకు బలియైరి. అచ్చట కొన్ని వందల స్త్రీలు బట్టలుదుకుచు, రోగులకు పరిచర్య చేయుచు నుండిరి. 1780లో ఫిలడెల్ఫియాలో ఎస్తర్ రీడ్ అను నామె, తోడి స్త్రీలతో నింటింటికి దిరిగి 3 లక్షల డాలర్లకు పైగా చందా కూర్చెను. కాగితపు డాలరు విలువ అప్పటికే మిక్కిలి పడిపోయి యుండెను. అయినను అది సామాన్యమైన పని గాదు. సైనికుల కొక్కొక్కరికి రెండేసి డాలర్ల రొక్కము చేతికీయవలెనని యామె కోరిక. రొక్కము త్రాగుడుకు పోవును, చొక్కాలే కావలెనని వాషింగ్టను పట్టుబట్టెను. (ఇల్లిల్లు దిరిగి కూర్చినది స్త్రీలు, పెత్తనము సేనానిది!) ఆ సెప్టెంబరులోనే ఎస్తర్ కాలధర్మము నొందెను. బెంజమిన్ ఫ్రాంక్లిన్ కుమార్తె శారా బేష్ ఆ పని నందుకొని, సంవత్సరాంతమునకు 2,000కు పైగా చొక్కాలు సిద్ధము చేయించెను. ఒక్కొక్క చొక్కామీద దానిని కుట్టిన స్త్రీ పేరుండెను.