బోర్డు పోతే ఫైళ్లు పోతాయా?

నెల్లిమర్లలో ఉరుములు మొదలైతే చాలు, మా ఇంట్లో ముందు ప్లగ్గులు పీకేస్తారు. మంచి అలవాటే. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు మన వైపు రోజుల తరబడి కరెంటు లేదు. కానీ లాప్‌టాప్‌కి కరెంటు పోవడం కన్నా తిరిగొచ్చే క్షణమే ప్రమాదం. వోల్టేజ్ ఎగిరితే ఒక్కోసారి అడాప్టర్‌తో పాటు మదర్‌బోర్డు కూడా పోతుంది. అప్పుడు ఇంట్లో మొదటి ప్రశ్న, "అయితే ఫొటోలన్నీ పోనాయా?"

మామూలుగా పోవు. ఫైళ్లుండేది ఎస్ఎస్‌డీలో. బోర్డు మారినా అది అదే. చాలా లాప్‌టాప్‌ల్లో వెనక మూత తీసి, దాని స్క్రూ విప్పితే చేతికొస్తుంది. (తక్కువ ధర మోడళ్లు కొన్నింటిలో, కొత్త మ్యాక్‌బుక్‌లలో స్టోరేజ్ బోర్డుకే అతికి ఉంటుంది. అక్కడ బ్యాకప్ ఒక్కటే దారి.)

అసలు చిక్కు వేరే ఉంది. విండోస్ 11 ఉన్న చాలా లాప్‌టాప్‌లు మనల్ని అడక్కుండానే డిస్క్‌ని ఎన్‌క్రిప్ట్ చేసేస్తాయి. బిట్‌లాకర్ అంటే ఇదే. దాని తాళం టీపీఎం కాపలాలో ఉంటుంది. టీపీఎం బోర్డు మీద చిప్‌గానో, ప్రాసెసర్ లోపలో ఉంటుంది. లాప్‌టాప్‌ల్లో ప్రాసెసర్ కూడా బోర్డుకే అతికి ఉంటుంది కాబట్టి బోర్డు మారితే రెండూ పోయినట్టే. డిస్క్ బాగానే ఉన్నా, తెర మీద 48 అంకెల రికవరీ కీ అడుగుతుంది. అది లేకపోతే సర్వీస్ సెంటర్ వాళ్లు కాదు కదా, మైక్రోసాఫ్ట్ కూడా తెరవలేదు.

ఆ కీ సాధారణంగా లాప్‌టాప్‌ని మొదట సెటప్ చేసిన మైక్రోసాఫ్ట్ అకౌంట్‌లో ఉంటుంది. మన దగ్గర ఆ సెటప్ చేసేదెవరు? షాపు కుర్రాడో, వైజాగ్‌లో ఉండే బావో. కాలేజీ మెయిల్‌తో లాగిన్ అయినవాళ్ల కీ కాలేజీ అకౌంట్‌లో ఉండొచ్చు. డిగ్రీ అయ్యాక ఆ మెయిల్ ఉంటుందో లేదో మరి!

అందుకే లాప్‌టాప్ బాగున్నప్పుడే సెట్టింగ్స్‌లో 'డివైస్ ఎన్‌క్రిప్షన్' ఆన్‌లో ఉందో లేదో చూడండి. ఉంటే, ఫోన్‌లో మీ అకౌంట్ తెరిచి కీ కాగితం మీద రాసుకోండి. ఆ కాగితం లాప్‌టాప్ బ్యాగులో మాత్రం పెట్టకండి.

ఇప్పటికే రిపేర్‌కి ఇస్తుంటే, వారంటీకి ఇబ్బంది లేదని కనుక్కుని డిస్క్ తీసి మీ దగ్గరే ఉంచుకోండి. కుదరదంటే 'ఫార్మాట్ చేయవద్దు' అని రసీదు మీద రాయించండి. కీ అడిగే తెర వస్తే కొందరు టెక్నీషియన్లకు తోచే మొదటి పరిష్కారం ఫార్మాటే.