పశువులు ముట్టని తంగేడు

పిల్లలూ! ఏలూరు నుంచి కొల్లేటి వైపు వెళితే ఎటు చూసినా నీళ్ళే. తాడేపల్లిగూడెం వైపు పోయినా దారి పొడుగునా కాలవలూ, వరిచేలూను. కాని చింతలపూడికో, కామవరపుకోటకో బస్సెక్కి చూడండి. కాసేపటికి నేల ఎర్రబడుతుంది. అది మెట్ట. అక్కడ వాన పడితేనే పచ్చదనం. ఆ బీళ్ళలో పసుపుపచ్చని పూలతో నిండుగా కనిపించే పొదే తంగేడు. బతుకమ్మను పేర్చేది ఈ పూలతోనే. 2014లో తెలంగాణ దీనిని రాష్ట్ర పుష్పంగా ఎన్నుకున్నది.

బీటిలోని గడ్డినంతా ఆవులూ, మేకలూ మొదలంటా కొరికేస్తవి. తంగేడు ఆకు వాటికి రుచించదు. అందుకే మందలు మేసిపోయిన తరువాత కూడా తంగేడు నిలిచివుంటుంది. దీని బెరడు మహా వగరు. పచ్చి తోలు కుళ్ళకుండా చెప్పుల తోలుగా మారేది ఆ వగరు వల్లనే. ఒకప్పుడు చెన్నపట్నపు తోళ్ళ పరిశ్రమ చాలావరకు ఈ బెరడు మీదనే ఆధారపడింది.

ఒక పువ్వు కోసి చూడండి. రెక్కలు ఐదు, కేసరాలు పది. పైన వున్న మూడు కేసరాలు పొట్టివి, గొడ్డువి. క్రింది మూడు బాగా పొడుగ్గా వంగివుంటవి. విచిత్రమేమిటంటే, ఈ పువ్వులో తేనె చుక్కయినా లేదు! వున్నదల్లా పుప్పొడి. అదీ తేలికగా దొరకదు. పుప్పొడి తిత్తి కొసన చిన్న రంధ్రం మాత్రమే వుంటుంది, ఉప్పు చల్లే డబ్బా మూతకున్నట్టు.

మరి ఆ పొడిని రాల్చేదెవరు? నల్లని గండుతుమ్మెద. అది పువ్వును కరచి పట్టుకొని, రెక్కలు ఆడించకుండానే రొమ్ములోని కండరాలను గబగబా అదురిస్తుంది. ఆ అదురుకు పొడి చిమ్ముతుంది. కొంత తన పిల్లల తిండికి తీసుకుపోతుంది. కొంత వంటికి అంటుకొని మరో పువ్వును చేరుతుంది. మన తేనెటీగకు ఈ విద్య రాదు. చెవి పెట్టి వినండి, తుమ్మెద ఎగిరేటప్పటి మోత వేరు, పువ్వు మీద వాలినప్పటి మోత వేరు. రెండవది సన్నగా, హెచ్చు శ్రుతిలో వుంటుంది.

ఈ తుమ్మెద ఎండుకొయ్యలోనో, వెదురులోనో తొర్ర తొలుచుకొని కాపురముంటుంది. బీటిలోని మోడులన్నీ పొయ్యిలోకి పోతే తుమ్మెదకు ఇల్లేదీ? తుమ్మెద రాకపోతే తంగేడుకు కాయలేవీ?

చిక్కుడు కుటుంబపు మొక్కే గదా, వేళ్ళకు నత్రజని బొడిపెలుంటాయా అని క్లాసులో ఎవరో ఒకరు తప్పక అడిగేవారు. మంచి ప్రశ్నే. తంగేడుకు అవి లేవు. అయినా రైతులు దీని రొట్ట కోసి తెచ్చి దమ్ములో తొక్కేవారు.

మెట్ట మీద కురిసిన వాన తమ్మిలేరులో కలిసి, ఏలూరు ప్రక్కగా వచ్చి కొల్లేరు చేరుతుంది. ఎర్రమట్టిని కూడా మోసుకువస్తుంది. తంగేడు వేళ్ళు ఆ మట్టిని పట్టివుంచుతవి. పొద నడుమ మొలిచిన గడ్డిపరక మేక మూతికి అందక, వెన్ను వేసి విత్తనం రాల్చుకుంటుంది. ఇప్పుడు ఆ మెట్టలో చాలా భాగం పామాయిల్ తోటలైంది. తంగేడు గట్ల మీదికీ, రోడ్ల అంచులకూ చేరింది. 2002లో కొల్లేరు రాంసార్ జాబితాకెక్కినందుకు మనం సంతోషిస్తాం గాని, ఎగువన వున్న ఈ పొదలను ఎవరూ తలచుకోరు.

ఈసారి తంగేడు కనిపిస్తే ఆకుల క్రింద కూడా వెతకండి. పచ్చని గొంగళిపురుగు దొరికితే పారవేయకండి. కొన్నాళ్ళకు అది లేత ఆకుపచ్చ ఛాయ గల తెల్ల సీతాకోకచిలుక అయి ఎగిరిపోతుంది.