టవరు గుమ్మం దగ్గర తోపులాట

గాలివానకు కరెంటు పోయింది. గంట తర్వాత వచ్చింది. లైటు వెలిగింది, ఫ్యాను తిరిగింది. అదే క్షణంలో మన కంటికి కనబడని పని మరొకటి మొదలవుతుంది. ఊళ్లో స్మార్టు మీటర్లు ఉంటే అవన్నీ ఒక్కసారిగా “నాకు కరెంటు వచ్చింది” అని విద్యుత్ కార్యాలయానికి కబురు పంపబోతాయి. సిమ్ కార్డు ఉన్న మీటర్ల కబురు సెల్ టవరు ద్వారానే పోవాలి. సరిగ్గా అప్పుడే పక్కవీధిలో ఎవరో ఆంబులెన్సు కోసం 108కి ఫోను చేస్తున్నారనుకోండి. ఏది ముందు కలవాలి?

జవాబు మీకు తెలుసు. కాని టవరుకు తెలిసేదెలా? చిక్కంతా అక్కడే ఉంది.

ఊరికే జేబులో ఉన్న ఫోనుకు టవరుతో మాట్లాడే దారి కేటాయించి ఉండదు. పని పడినప్పుడు తలుపు తట్టి అడగాలి. తట్టడమంటే ఒక చిన్న రేడియో సంకేతం పంపడం. 4జి సెల్‌లో ఇలాంటి సంకేతాలు 64 ఉంటాయి. కొన్నింటిని టవరు తన అవసరాలకు అట్టిపెట్టుకొంటుంది. మిగిలినవి 54 అనుకొందాం. ఫోను వాటిలో ఏదో ఒకదాన్ని ఎంచుకొని పంపుతుంది. ఆ సంకేతంలో పేరుండదు, పని ఏమిటో ఉండదు. ‘ఎవరో తట్టారు’ అని మాత్రమే టవరుకు తెలుస్తుంది.

ఒకే సమయంలో ఇద్దరు ఒకే సంకేతాన్ని ఎంచుకొంటే? టవరు తట్టింది ఒక్కరే అనుకొని ఒకే దారి ఇస్తుంది. ఇద్దరూ ఆ దారిలోనే మాట్లాడతారు. సాధారణంగా ఇద్దరి మాటా అర్థం కాదు. కొంచెం ఆగి మళ్లీ తట్టవలసిందే. కొద్దిమందే ఉంటే ఇబ్బంది లేదు. వేలమంది ఉంటే ఈ మళ్లీ తట్టడం వల్లనే రద్దీ ఇంకా పెరుగుతుంది.

మొబైల్ ప్రమాణాలు తయారుచేసే అంతర్జాతీయ కూటమి త్రీజీపీపీ 2011లో ఈ లెక్క వేసి చూసింది. ఒక సెల్‌లో 30,000 పరికరాలు 10 సెకన్లలో మేలుకొన్నాయనుకొంది. తలుపు తట్టే అవకాశం సెకనుకు 200 సార్లు, ఒక్కోసారికి 54 సంకేతాలు. అంటే పది సెకన్లకు 1,08,000 అవకాశాలు! 30,000 పరికరాలకు చాలవా? చాలలేదు. ఒక్కొక్కటి 10 సార్ల వరకు ప్రయత్నించినా లోపలికి రాగలిగినవి మూడోవంతు కూడా లేవు. ఎందుకంటే తట్టేవి సమంగా రావు, గుంపుగా వస్తాయి. పైగా టవరు ఒక్కసారికి కొద్దిమందికే జవాబివ్వగలదు.

దీన్ని మీ తరగతిలోనే చేసి చూడవచ్చు. 30 మంది ఒక్కొక్కరూ 1 నుంచి 10 లోపు ఒక సంఖ్యను చీటీ మీద రహస్యంగా రాయండి. మరెవరూ రాయని సంఖ్య రాసినవారే గెలిచినట్టు. సగటున ఒకరిద్దరే గెలుస్తారు. ఇప్పుడు అందరూ నాణెం ఎగరవేయండి. బొమ్మ పడినవారు మాత్రమే చీటీ రాయాలి, బొరుసు పడినవారు ఆగాలి. ఈసారి గెలిచేవారు సగటున ముగ్గురు నలుగురు! సగంమంది ఆగినందువల్ల పని రెట్టింపయింది.

టవరు చేసేదీ ఇదే. తట్టిన తర్వాత ఆపి లాభం లేదు కనుక తట్టకముందే చెబుతుంది. ప్రతి టవరూ తన వివరాలను ఎడతెగకుండా ప్రసారం చేస్తూనే ఉంటుంది గదా! రద్దీ వేళ అందులో 0.3 అని ప్రకటిస్తుంది. పరికరం 0కి, 1కి మధ్య ఏదో ఒక సంఖ్య తీసుకొంటుంది. అది 0.3 కంటే తక్కువైతే తట్టవచ్చు. లేకపోతే కొంతసేపు ఆగి మళ్లీ సంఖ్య తీయాలి.

మరి ఆంబులెన్సు కోసం చేసే ఫోను నాణెం ఎగరేస్తూ కూర్చోకూడదు గదా? అందుకే 4జిలో మరో ఏర్పాటు వచ్చింది. ప్రతి సిమ్ కార్డులో 0 నుంచి 9 వరకు ఒక అంకె ఉంటుంది. మీటర్ల వంటి తొందరలేని పరికరాలకు ముందే వేరే గుర్తు పెడతారు. “తొందరలేనివాటిలో 0 నుంచి 4 వరకు అంకెలున్నవి ఆగాలి” అని టవరు ప్రకటిస్తుంది. కాసేపటికి మిగిలిన అంకెల వంతు. మన ఫోన్లకు ఈ ఆజ్ఞ వర్తించదు.

5జిలో మరో రకం వచ్చింది. 2022లో పూర్తయిన ప్రమాణాలలో రెడ్‌క్యాప్ అనే తక్కువ సామర్థ్యం గల పరికరాలను చేర్చారు. చేతి గడియారాలు, కెమెరాలు, ఫ్యాక్టరీలలో కొలిచే యంత్రాలు వీటికి ఉదాహరణలు. మామూలు 5జి ఫోను 100 మెగాహెర్ట్జ్ వెడల్పు వరకు వాడుకోగలిగితే ఇవి 20 మెగాహెర్ట్జ్‌తో సరిపెట్టుకొంటాయి. వినడానికి వీటికి ఒకటి లేదా రెండు యాంటెన్నాలే. చెవులు తక్కువ కనుక టవరు వీటితో నెమ్మదిగా మాట్లాడాలి, అందుకు ఎక్కువ సమయం పడుతుంది. అందుచేత ఒక్క యాంటెన్నా ఉన్నవాటికి, రెండున్నవాటికి వేరువేరుగా ‘రావచ్చు’, ‘రాకూడదు’ అని ప్రకటించే వీలు కల్పించారు. వీటి గురించి టవరు ఏమీ చెప్పకపోతే రాకూడదనే అర్థం.

గుమ్మంలో కాపలావాడు లేడని గమనించారా? పరికరమే ముందు విని, తనకు తాను ఆగుతుంది. మీటరు కబురు పది నిమిషాలు ఆలస్యమైనా నష్టం లేదు. ఆంబులెన్సు పది నిమిషాలు ఆలస్యమైతే?

చివరికి మీకొక ప్రశ్న. గోదావరి వరద మట్టాన్ని కొలిచి పంపే పరికరం కూడా చిన్నదే, చవకదే అనుకోండి. దానికి ‘తొందరలేనిది’ అని గుర్తు పెట్టవచ్చా? సామర్థ్యం తక్కువ కావడం వేరు, అవసరం తక్కువ కావడం వేరు. మిత్రులతో చర్చించి మీ జవాబు రాయండి.