మే నెలలో సాగర్: 590 అడుగుల లెక్క

విజయవాడ బెంజ్ సర్కిల్ నుంచి నాగార్జునసాగర్‌కు గుంటూరు, పిడుగురాళ్ల, మాచర్ల మీదుగా సుమారు 180 కిలోమీటర్లు. కారులో నాలుగు గంటలు. పిల్లలకు సెలవులిచ్చిన వారంలోపే ప్రతి ఇంట్లో ఈ లెక్క తేలిపోతుంది. ఎవరి ఫోను తీసినా చెబుతుంది. ఆ ప్రయాణం బాగుంటుందో ఉండదో చెప్పే అంకె మాత్రం మ్యాపులో కనపడదు. అది పేపర్లో జిల్లా పేజీ అడుగున, చిన్న అక్షరాల్లో ఉంటుంది: సాగర్ నీటిమట్టం. నిండితే 590 అడుగులు. మీరు వెళ్లే రోజున అది 580 ఉందా, 515 ఉందా అన్నదే అసలు ప్రశ్న.

నిజానికి డెల్టా వాళ్లకు ఇది ఎవరూ చెప్పక్కర్లేదు. ఎండలు ముదిరేసరికి కాలవలు కట్టేస్తారని మనకు తెలుసు. బందరు కాలవ, ఏలూరు కాలవ, రైవస్ కాలవ అడుగులు బయటపడతాయి. కట్టేసేలోపే ఊళ్లలో మంచినీళ్ల చెరువులు నింపుకుంటారు. నీళ్లు ఎప్పుడుంటాయో, ఎప్పుడుండవో ఇంత బాగా తెలిసినవాళ్లం విహారయాత్ర అనేసరికి బడి సెలవులొక్కటే చూసుకుని బయల్దేరతాం.

ఎండాకాలం సరస్సు ఒడ్డున గడపడం అనే ముచ్చట మనకు చాలావరకు చలిదేశాల నుంచి వచ్చిందే. అమెరికాలో శానోజే, ఫ్రీమాంట్ వైపు స్థిరపడ్డ మన చుట్టాలు వేసవిలో లేక్ తాహోకు వెళ్లి ఫొటోలు పంపుతారు. అక్కడ సరస్సులోకి నీళ్లొచ్చేది ముఖ్యంగా కొండల మీది మంచు కరిగి. కాబట్టి వాళ్ల పిల్లలకు సెలవులిచ్చేసరికి సరస్సు నిండుగా ఉంటుంది. కృష్ణ తీరు వేరు. మహాబలేశ్వరం కొండల్లో కురిసిన వాన ఆల్మట్టి, నారాయణపూర్, జూరాల, శ్రీశైలం దాటుకుని సాగర్‌కు చేరేసరికి మామూలు ఏడాదుల్లో జూలై నెలాఖరో ఆగస్టో అవుతుంది. జలవనరుల శాఖ లెక్కల్లో నీటి సంవత్సరం జూన్ 1న మొదలై మే 31తో ముగుస్తుంది. మన వేసవి సెలవులు సరిగ్గా ఆ సంవత్సరం అడుగున, ఖాతా ఖాళీ అయ్యే వేళ వస్తాయి.

ఎంత ఖాళీ అవుతుందో చూద్దాం. 590 అడుగుల దగ్గర సాగర్‌లో ఉండేది 312 టీఎంసీలు. 510 అడుగుల దగ్గర సుమారు 131. మధ్యలోని 80 అడుగుల్లో 180 టీఎంసీలున్నాయన్నమాట. ఒక్క టీఎంసీ అంటే 2,831 కోట్ల లీటర్లు. కాలవలో పారే నీళ్లుగా చెప్పాలంటే 11,574 క్యూసెక్కులు రోజంతా ఆగకుండా పారితే ఒక టీఎంసీ. సాగునీరు, తాగునీరు అన్నీ పోయాక మే నెలాఖరుకు మట్టం 510 దాపులకు దిగిన ఏళ్లున్నాయి. హైదరాబాదు కూడా తన తాగునీటిలో పెద్ద భాగం ఇక్కడి నుంచే తోడుకుంటుంది.

ఈ అంకెల్లో ఒక తమాషా ఉంది. నిండినప్పుడు సాగర్ నీరు పరుచుకునే విస్తీర్ణం 285 చదరపు కిలోమీటర్లు. దాన్ని ఒక అడుగు లోతుతో గుణిస్తే మూడు టీఎంసీల పైచిలుకు వస్తుంది. ప్రకాశం బ్యారేజీ ఎగువన 12 అడుగుల మట్టంలో నిలిచే నీళ్లన్నీ కలిపితే 3.07 టీఎంసీలు. అంటే దుర్గమ్మ కొండ కింద మనకు కనిపించే కృష్ణ మొత్తం, సాగర్‌లో పై ఒక్క అడుగుకు సమానం. కానీ పైన చెప్పిన 180 టీఎంసీలను 80 అడుగులకు పంచితే అడుగుకు సగటున 2.25 టీఎంసీలే వస్తున్నాయి. ఎందుకు? దిగేకొద్దీ నీరు పరుచుకునే చోటు కుంచించుకుపోతుంది కాబట్టి. మనకు కావలసిన సంగతి అదే. ఒడ్డు ఇరవై అడుగులకు ఒక అడుగు చొప్పున వాలుగా ఉందనుకోండి. మట్టం 60 అడుగులు తగ్గితే నీరు 1,200 అడుగులు, అంటే 365 మీటర్లు వెనక్కి పోతుంది. జనవరిలో చెప్పులు విప్పి కాళ్లు తడుపుకున్న చోటు నుంచి మేలో నీళ్ల దాకా పావు కిలోమీటరుకు పైగా ఎండిన అడుసు మీద నడవాలి. అదీ నలభై డిగ్రీల ఎండలో.

ఇక తేట సంగతి. నీరు తేటగా ఉండటానికి రెండు కావాలి: ఒండ్రు అడుగుకు చేరడానికి వ్యవధి, నాచు పెరగడానికి అవకాశం లేకపోవడం. మొదటిదానిలో సాగర్ అదృష్టవంతురాలు. పైన శ్రీశైలం ఉంది. 1984లో అక్కడ నీళ్లు నిలపడం మొదలుపెట్టినప్పుడు 885 అడుగుల దగ్గర 308 టీఎంసీలు పట్టేది. తర్వాతి సర్వేల్లో అది 215.8కి పడిపోయింది. ఆ తొంభైరెండు టీఎంసీల చోటును ఆక్రమించింది పూడికే. సేద్యానికి అది పెద్ద నష్టం. సాగర్ చూడబోయేవాళ్లకు మాత్రం, చెప్పడానికి కొంచెం సిగ్గుగానే ఉన్నా, లాభం. బిందెలో తేరిన నీళ్లను పైపైన మరో బిందెలోకి వంచుకున్నట్టు, శ్రీశైలంలో తేరిన కృష్ణే సాగర్‌లోకి దిగుతుంది. అలాగని సాగర్‌కు పూడిక బాధ తప్పలేదు. మొదట్లో 408 టీఎంసీలు పట్టిన జలాశయమే ఇప్పుడు 312కు వచ్చింది.

తేటను కొలవడానికి ప్రపంచమంతా వాడే సాధనం చాలా చవకైనది. 1865లో ఆంజెలో సెక్కి అనే ఇటలీ శాస్త్రవేత్త తెల్లటి పళ్లేన్ని తాడుకు కట్టి సముద్రంలోకి దించి, అది ఎంత లోతులో కనుమరుగైందో రాసుకున్నాడు. ఇప్పుడు సరస్సులకు 20 సెంటీమీటర్ల వెడల్పున్న నలుపు తెలుపు పళ్లెం వాడతారు. తాహోలో 1968లో సగటున 31 మీటర్ల లోతు దాకా ఆ పళ్లెం కనిపించింది. తర్వాత ఆ అంకె బాగా తగ్గింది, వాళ్ల దిగులు వాళ్లది. మన జలాశయాల నుంచి అంత తేట ఆశించకూడదు. నల్లరేగడి మీదుగా వందల కిలోమీటర్లు నడిచొచ్చిన నది ఇది. అయినా స్టీలు పళ్లేనికి తాడు కట్టి, లైఫ్ జాకెట్ వేసుకుని లాంచీ రేవు మీద నుంచి దించితే పిల్లలకు ఆ రోజు గుర్తుండిపోతుంది. వరద రోజుల్లో ఎర్రగా, వరద ఆగిన రెండు మూడు నెలలకు తేటగా, ఎండలు ముదిరి నీరు తగ్గాక నాచుతో పచ్చగా: ఏడాదిలో నీళ్ల రంగు మారే వరస ఇది. మే నెల మూడో రంగుది.

ఇదంతా విన్నాక కూడా మేలోనే వెళ్లాలంటే, వెళ్లండి. ఉద్యోగాలు, బళ్లు అలా ఉన్నప్పుడు ఎవరేం చేస్తారు? కానీ గంటలు లెక్క వేసుకోండి. మే మధ్యలో మన దగ్గర ఐదున్నర దాటగానే పొద్దు పొడుస్తుంది, ఆరున్నర దాటాక కుంకుతుంది. వెలుతురున్న పదమూడు గంటల్లో ఉదయం పది నుంచి సాయంత్రం ఐదు దాకా ఏడు గంటలు బయట తిరగడానికి పనికిరావు. పైగా దారిలో గురజాల దాటాక తగిలే ఊరు రెంటచింతల. ఎండాకాలం వార్తల్లో ఉష్ణోగ్రతలు చదివేటప్పుడు తప్పకుండా వినిపించే పేరు. ఒక్కరోజులో చూసి వద్దామనుకుని తెల్లవారుజామున నాలుగింటికి బయల్దేరితే ఎనిమిదికి చేరతారు. ఎనిమిది నుంచి పది, మళ్లీ ఐదు నుంచి ఆరున్నర: మొత్తం మూడున్నర గంటలు. దానికోసం ఎనిమిది గంటల ప్రయాణం, అందులో సగం రాత్రిపూట. అదే ఒక రాత్రి అక్కడే ఉండి మర్నాడు పదింటికి తిరుగుముఖం పడితే, ఉదయం ఐదున్నర నుంచి మరో నాలుగున్నర గంటలు కలుస్తాయి. ఎనిమిది గంటల ప్రయాణానికి ఎనిమిది గంటల విహారం. గది అద్దె దండగ అనేవాళ్లకు ఈ లెక్క చూపించండి.

ఖర్చు పెద్ద చిక్కుముడి కాదు. రానూపోనూ 360, అక్కడ తిరగడానికి 40, మొత్తం 400 కిలోమీటర్లు. ఏసీ వేసుకుని లీటరుకు 16 కిలోమీటర్లు ఇచ్చే కారుకు 25 లీటర్లు. లీటరు 110 రూపాయలనుకుంటే 2,750. మనిషికి రోజుకు నాలుగు లీటర్ల మంచినీళ్లు అనుకుంటే ఐదుగురికి రోజుకొక ఇరవై లీటర్ల క్యాను. క్యానులు బెజవాడలోనే ఎక్కించుకోండి.

అక్కడ చూడాల్సింది నాగార్జునకొండ. ఆనకట్టకు 1955 డిసెంబరు 10న నెహ్రూ శంకుస్థాపన చేసేనాటికే పురావస్తు శాఖ లోయలో తవ్వకాల్లో ఉంది. 1926లో వెలుగు చూసిన ఇక్ష్వాకుల నాటి విజయపురి నీళ్లలో కలిసిపోతుందని తెలిసి, 1954 నుంచి 1960 దాకా ఆర్. సుబ్రహ్మణ్యం ఆధ్వర్యంలో లోయంతా తవ్వి నమోదు చేశారు. ముఖ్యమైన కట్టడాల్లో తొమ్మిదింటిని విప్పి కొండ మీదికి మోసుకెళ్లి మళ్లీ పేర్చారు. 1967లో కాలవలకు నీళ్లు వదిలారు, కొండ లంక అయింది. విజయపురి సౌత్ నుంచి లాంచీలో వెళ్లాలి. మ్యూజియం చూసి తిరిగి రావడానికి సగం రోజు కేటాయించండి. శుక్రవారం మ్యూజియం సెలవు. గాలి, నీటిమట్టం, ఎక్కే జనం సంఖ్య బట్టి లాంచీ బయల్దేరే వేళ మారుతుంది కాబట్టి రేవుకు ఫోన్ చేసి కదలడం మంచిది. లాంచీ లేకపోయినా అనుపు ఉంది. అక్కడ మళ్లీ పేర్చిన పాత రంగస్థలం, విహారాలు రోడ్డు మీద వెళ్లే చూడొచ్చు. ఎత్తిపోతల జలపాతం 70 అడుగులు. కానీ మేలో చంద్రవంక వాగు సన్నబడుతుంది, దాని మీద పెద్దగా ఆశ పెట్టుకోవద్దు. జలాశయంలో ఈతకు మాత్రం దిగవద్దు. మట్టం దిగినప్పుడు అడుసు ఎక్కడ మెత్తగా ఉందో పైకి తెలియదు, మొసళ్లూ ఉన్నాయి.

పడవల విషయంలో మనకు రెండు తేదీలు గుర్తుండాలి. 2017 నవంబరు 12న ఇబ్రహీంపట్నం ఫెర్రీ దగ్గర, పవిత్ర సంగమం వద్ద పడవ బోల్తాపడి ఇరవై మందికి పైగా చనిపోయారు. 2019 సెప్టెంబరు 15న పాపికొండలకు వెళ్తున్న బోటు కచ్చులూరు దగ్గర వరద గోదావరిలో మునిగి పదుల ప్రాణాలు పోయాయి. ఎవరి బోటు, ఎందరికి అనుమతి, జాకెట్లు ఎన్ని: ఈ మూడూ టిక్కెట్టు కొనకముందే అడగండి. అడిగితే విసుక్కునే బోటు ఎక్కకండి.

మిగతా చోట్ల సంగతి? కొల్లేరు మనకు దగ్గర, కైకలూరు దాకా సుమారు 75 కిలోమీటర్లు. కానీ అది మీటరు లోతున పరుచుకునే సరస్సు. ఎండలకు చాలా మేర నేల తేలుతుంది. ఆటపాకలో గూడబాతులను చూడాలంటే నవంబరు నుంచి మార్చిలోపు వెళ్లాలి. కంభం చెరువు గుండ్లకమ్మ వాన మీద ఆధారపడింది, వాన లేని ఏడాది అందులో క్రికెట్ ఆడుకోవచ్చు. గణపతిదేవుడి కాలంలో 1213 ప్రాంతంలో కట్టిన పాకాల చెరువుకు చుట్టూ అడవి ఉంది. నీరు తగ్గినా నీడైనా దొరుకుతుంది. దూరమే రెండు వందల కిలోమీటర్ల పైచిలుకు.

వేసవిలో మట్టం అంతగా పడిపోని నీళ్లు బెంజ్ సర్కిల్‌కు ఏడెనిమిది కిలోమీటర్ల దూరంలోనే ఉన్నాయని ఈ లెక్కలన్నీ వేశాక నాకు తోస్తుంది. బ్యారేజీ ఎగువన నగరానికి మంచినీళ్లు కావాలి, ఇబ్రహీంపట్నం థర్మల్ కేంద్రానికి నీళ్లు కావాలి. అందుకని 12 అడుగుల మట్టాన్ని వీలైనంత కాపాడతారు. ఆ నీళ్ల మధ్యే ఉన్న 133 ఎకరాల భవానీ ద్వీపం 2024 సెప్టెంబరు వరదలో, బ్యారేజీకి 11.43 లక్షల క్యూసెక్కులు వచ్చినప్పుడు, మునిగి చాలా దెబ్బతింది. అక్కడి నీళ్లు తేటగా ఉంటాయని ఎవరూ అనరు. కానీ సాయంత్రం నాలుగున్నరకు ఇల్లు వదిలి, ఐదుకు పడవెక్కి, ఎనిమిదికి భోజనానికి ఇంటికి వచ్చేయొచ్చు. పెట్రోలు ఒక లీటరు.

సాగర్‌ను సంక్రాంతికి అట్టిపెట్టుకోండి. గేట్లు ఎత్తినప్పుడు చూడాలని ఆగస్టు, సెప్టెంబరుల్లో జనం ఎగబడతారు. 26 గేట్ల నుంచి నురగలు కక్కే నీరు చూడటానికి అది బాగుంటుంది, తేట నీళ్లకు కాదు. గేట్లు మూసి రెండు నెలలైనా గడవాలి. అయితే రబీకి వదిలే నీళ్లతో జనవరిలో మట్టం రోజూ కొంచెం కొంచెం దిగుతుంటుంది. అందుకని పండగ తర్వాత కంటే ముందు వెళ్లడం మేలు. బయల్దేరే ముందు పేపర్లో ఆ అంకె 560కి పైన ఉందేమో చూసుకుని, శుక్రవారం కాకుండా.