గొంగడి, గజ్జెలు, గొంతు: జననాట్యమండలి ఎదిగిన తీరు



వార్షికోత్సవం నాడు స్టేజీ మీద ఎన్ని సినిమా పాటలు పాడినా, భుజాన గొంగడి, కాళ్లకు గజ్జెలతో ఒక తమ్ముడు వచ్చి గొంతెత్తేసరికి హాస్టలంతా ఈలలతో మారుమోగుతుంది. ఆ వేషానికి ఇంత పేరు ఎలా వచ్చింది?

ఇంగ్లండులో పెద్ద కంపెనీల అండ లేకుండా సొంతంగా పాటలు తెచ్చుకొని ఎదిగే బృందాలను ఇండీ బ్యాండ్లు అంటారు. ఆ మాట మన చెవిన పడకముందే మన దగ్గర అలాంటి బృందం ఒకటి పుట్టింది. అదే జననాట్యమండలి.

1970ల మొదట్లో బి. నర్సింగరావు హైదరాబాదులో 'ఆర్ట్ లవర్స్' సంఘాన్ని నడిపేవారు. తూప్రాన్‌లో దళిత కుటుంబంలో 1949లో పుట్టి, బుర్రకథలు చెబుతున్న గుమ్మడి విఠల్ అందులో చేరారు. ఆ సంఘమే జననాట్యమండలి అయింది. విఠల్ పాటల పుస్తకం పేరు 'గద్దర్'. బ్రిటిషు పాలనపై పోరాడిన గదర్ పార్టీని తలచుకొని పెట్టిన పేరది. జనం పుస్తకం పేరుతోనే మనిషిని పిలుచుకున్నారు.

రేడియో లేదు, కంపెనీ లేదు. మరి పాట పల్లెపల్లెకు ఎలా పాకింది? బాణీ మన అమ్మలు నాట్లేస్తూ, బతుకమ్మ ఆడుతూ పాడుకున్నదే. అందుకే ఒక్కసారి వింటే నోటికి వచ్చేది. ఒకరు ఎత్తుకుంటే ఇద్దరు వంత పాడేవారు, డప్పు తోడయ్యేది. పాట మధ్యలో కథ చెప్పేవారు. విన్నవాళ్లే మరో ఊళ్లో పాడేవారు. చిన్న పాటల పుస్తకాలు, ఆ తర్వాత క్యాసెట్లు చేతులు మారాయి.

నక్సలైటు ఉద్యమంతో ముడిపడిన బృందం కావడంతో నిర్బంధమూ వెన్నంటింది. 1984లో బ్యాంకు ఉద్యోగం వదిలిన గద్దర్, 1985లో కారంచేడులో దళితులను చంపినప్పుడు పాట కట్టారు. ఆ ఏడాదే అజ్ఞాతంలోకి వెళ్లారు. 1990 ఫిబ్రవరిలో తిరిగి వచ్చి నిజాం కాలేజీ మైదానంలో పాడితే జనం పోటెత్తారు. 1997 ఏప్రిల్ 6న ఆయనపై కాల్పులు జరిగాయి. బతికి మళ్లీ పాడారు. 2023 ఆగస్టు 6న కన్నుమూశారు.

జనం బాణీలో పాట కట్టే ఆ సంప్రదాయం మన పాలమూరులోనూ పండింది. తెలకపల్లి మండలం గౌరారంలో పుట్టిన గోరటి వెంకన్నకు 'వల్లంకి తాళం' పుస్తకానికి 2021 కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం దక్కింది.

తమ్ముళ్లారా! మన యాస, మన ఇంటి పాట నలుగురిలో పాడాలంటే మనలో చాలామందికి సిగ్గు. ఆ సిగ్గును వదిలినందుకే ఆ బృందం పాట అంత దూరం పోయింది. వలస బతుకుల్లో మన అమ్మల పాటలు రాసిపెట్టేవాళ్లు లేక పోతున్నాయి. ఈ సెలవుల్లో ఇంటికి పోయినప్పుడు అమ్మనో, అవ్వనో అడిగి ఒక్క పాటైనా నోటుబుక్కులో రాసుకురండి. వచ్చే వార్షికోత్సవానికి అదే పాడుదాం.